రాత వేరు, రూపం వేరు

2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అనంతపురం జిల్లా నుంచి అందులోకి వచ్చాయి. ఆ జిల్లాలోకే వచ్చిన లేపాక్షి గురించి పేజీ పేజీనీ చేత్తో రాసుకుని సైటు నడిపేవారెవరైనా సరే, అన్ని పేజీలూ తెరిచి జిల్లా పేరు దిద్దుకోవాల్సిందే. ఆ పేరును ఒకే ఫైల్లో ఉంచి, పేజీలన్నీ దాన్ని చూసి తయారయ్యేలా పెట్టుకుంటే ఒక్క వరుస మారిస్తే చాలు. ముప్పై ఏళ్లు దాటిన వెబ్ చరిత్రలో సగం ఈ ఒక్క సౌకర్యం కోసం పడ్డ పాట్లే.

వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1991లో లోకానికి చూపిన మొదటి సైటు ఉత్త ఫైళ్లే. అదే ఏడాది, ప్రపంచ భాషల అక్షరాలకు ఉమ్మడి సంకేతాల పట్టిక అయిన యూనికోడ్ తొలి వెర్షన్‌లో తెలుగుకూ చోటు దొరికింది. కానీ విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటు వచ్చేసరికి 2001 అయింది. మన నష్టమంతా ఈ మధ్యకాలంలోనే జరిగింది. పత్రికలు ఎవరి ఫాంటు వారు చేసుకున్నాయి. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగు, లేకుంటే అర్థంలేని గుర్తుల గుంపు. ధర్మవరం నేతన్నల గురించి ఎంత మంచి కథనం రాసినా, తెలుగులో ఆ ఊరి పేరు కొట్టి వెతికితే దొరికేది కాదు. రాతను రూపానికి కట్టేసిన ఫలితమిది. 2003లో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జునే, ఫైర్‌ఫాక్స్ కోసం ‘పద్మ’ అనే పొడిగింపు చేసి ఆ రాతలను యూనికోడ్‌లోకి మార్చే దారి చూపారు. ఆయనకు మనం ఎంతో రుణపడి ఉన్నాం.

2003లోనే సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ వచ్చి, కోడు రానివారి చేతా రాయించింది. అది చిన్న మేలు కాదు. అయితే మామూలుగా పాఠకుడు వచ్చిన ప్రతిసారీ సర్వరు డేటాబేసు తిరగేసి పేజీ తయారుచేయాలి. అదనపు హంగుల కోసం తగిలించే ప్లగిన్లు పాతబడితే చొరబాట్లకు సందు దొరుకుతుంది. 2008లో జెకిల్, 2013లో హ్యూగో అనే సైటు తయారీ పనిముట్లు మళ్లీ ఫైళ్ల దారి పట్టించాయి: రాత సాదా పాఠ్యంగా మార్క్‌డౌన్‌లో, రూపం టెంప్లేట్లో, పేజీలన్నీ ముందే సిద్ధం. రాసేవారికి సులువైన తెర కావాలి గనుక, కంటెంటును మాత్రమే దాచి ఏపీఐ (ప్రోగ్రాములు మాట్లాడుకునే మార్గం) ద్వారా అందించే హెడ్‌లెస్ వ్యవస్థలు పుట్టుకొచ్చాయి. 2016 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ కూడా 4.7తో ఆ తలుపు తెరిచింది.

ధర్మవరం చీరల దుకాణంలో ఈ పద్ధతిని ఊహించండి. చీర పేరు, ఒంటి రంగు, అంచు, కొంగు, జరీ, ధర, ఫొటో: ఇదీ ఫారం. నింపి నొక్కితే హ్యూగో పేజీలు కట్టేస్తుంది. రేపు మొబైల్ యాప్ పెట్టుకున్నా ఆ వివరాలే పనికొస్తాయి. మగ్గం మీద పట్టు రంగు మార్చినా జకార్డు అట్టలు మార్చనక్కర్లేనట్టే. చీర ఇంకా ఉందా, అమ్ముడైందా అన్న లెక్కకూ, డబ్బు చెల్లింపుకూ మాత్రం ముందే కట్టిన పేజీలు చాలవు. ఆ రెంటికీ వేరే సేవ తగిలించాలి.