ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు విపణనంలో వినియోగదారుల అవసరాలు

మూలసంకేతం అందరికీ అందుబాటులో ఉండే సాఫ్టువేరును ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు అంటారు. దానిని ఎవరు, ఏ పనికి, ఏ పరిస్థితులలో వాడతారో తెలుసుకొని, తదనుగుణంగా మలచి అందించడం దాని విపణనంలో ముఖ్య భాగము. ఈ సాఫ్టువేరు చాలావరకు ఉచితంగానే లభిస్తుంది కనుక, ధర తక్కువ అని చెప్పినంత మాత్రాన వినియోగదారులు దానికి మారరు. మారడానికి కావలసిన కాలము, శ్రమ, వదులుకోవలసిన పాత అలవాట్లే వారు చెల్లించే అసలు వెల. తెలుగు డీటీపీ రంగము ఇందుకు చక్కని ఉదాహరణ.

నేపథ్యము

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ఓపెన్ సోర్స్ అనే పేరు 1998లో వాడుకలోకి వచ్చింది. మంచి సాఫ్టువేరు చాలావరకు దానిని రాసేవాని సొంత అవసరం నుండి పుడుతుందని ఎరిక్ రేమండ్ 1997 నాటి 'ది కెథెడ్రల్ అండ్ ది బజార్' వ్యాసంలో వివరించాడు. ఈ పద్ధతికి ఒక పరిమితి ఉన్నది. ప్రోగ్రామరుకు లేని అవసరము అతని దృష్టికి రాదు.

1993లో ఏర్పడిన రెడ్ హ్యాట్ సంస్థ ఈ లోటును వ్యాపారంగా మలచుకొన్నది. పెద్ద సంస్థలకు కావలసినది దీర్ఘకాలిక మద్దతు, భద్రతా సవరణలు, ఆపదలో బాధ్యత వహించే మనిషి అని గుర్తించి, ఆ సేవలకు చందా వసూలు చేసింది. ఈ సంస్థను 2019లో ఐబీఎం కొనుగోలు చేసింది.

ఆబిడ్స్, నాంపల్లి

ఆరవ నిజాము కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ ఇక్కడ నడిపిన దుకాణం వలన ఆబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది. ఆదివారాలలో ఇక్కడి కాలిబాటల మీద పాత పుస్తకాల అంగడి ప్రసిద్ధి. 1949లో మొదలైన ఉర్దూ దినపత్రిక సియాసత్ కార్యాలయము ఇక్కడి జవాహర్‌లాల్ నెహ్రూ రోడ్డులో ఉన్నది. నాంపల్లిలో రైల్వే స్టేషను, క్రిమినల్ కోర్టులు ఉన్నాయి. 1985లో స్థాపించబడిన తెలుగు విశ్వవిద్యాలయము దీర్ఘకాలం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో పనిచేసింది.

ఇటువంటి ప్రాంతంలో అర్జీ, కరపత్రము, శుభలేఖ, పుస్తకము వంటి పనులు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు లిపులలో కావలసివస్తాయి. ఒకే పేజీలో రెండు లిపులు ఉండవచ్చు. ఉర్దూ నస్తాలిక్ రాత కుడి నుండి ఎడమకు సాగుతుంది. ఇంగ్లీషుకు మాత్రమే సరిపడే సాఫ్టువేరు ఉచితమైనా ఇక్కడ అక్కరకు రాదు.

తెలుగు డీటీపీ సమస్య

తెలుగు డీటీపీ కేంద్రాలలో పేజ్‌మేకరు, అను స్క్రిప్ట్ మేనేజరు కలిపి వాడడం చాలాకాలంగా ఆనవాయితీ. పేజ్‌మేకరు చివరి వెర్షను 7.0 వచ్చింది 2001లో. ఆ తరువాత కూడా పలువురు దానినే వాడుతూ వచ్చారు. దీనికి మూడు కారణాలు చెప్పవచ్చు.

* పాత ఫైళ్ళు: అను ఫాంట్లతో చేసిన ఫైళ్ళు యూనికోడ్‌లో ఉండవు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అక్షరాలు అర్థం లేని గుర్తులుగా కనబడతాయి. పదేళ్ళ పనిని వదులుకొని ఎవరూ కొత్తదానికి మారరు.
* చేతి అలవాటు: యాపిల్ కీబోర్డు అమరికకు అలవాటుపడిన ఆపరేటరు ఇన్‌స్క్రిప్టుకు మారితే వేగము తగ్గుతుంది. పేజీకింత అని కూలి తీసుకొనేవానికి ఇది ఆదాయ నష్టము.
* అచ్చు నాణ్యత: పేజీ రూపకల్పనకు వాడే స్క్రైబస్‌లో 2017లో వచ్చిన 1.5.3 అభివృద్ధి వెర్షను వరకు సంక్లిష్ట లిపులకు సరియైన మద్దతు లేదు. ఒత్తులు కుదరని పేజీని ఏ ముద్రాపకుడూ అంగీకరించడు.

అనధికార నకళ్ళు దొరికేచోట అమ్మకపు సాఫ్టువేరు కూడా ఉచితమైనట్లే కనబడుతుంది. కనుక అక్కడ ఉచితం అనే మాటకు విలువ తక్కువ.

అవసరాన్ని గుర్తించిన ప్రయత్నాలు

తెలుగు వార్తాపత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఫాంట్లు వాడిన కాలంలో, వెన్న నాగార్జున రూపొందించిన పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత ఆ పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపింది. పాఠకుడు తన పత్రికను మానకుండానే కొత్త పద్ధతికి అలవాటుపడ్డాడు. లినక్సులో వాడే ఎం17ఎన్ వ్యవస్థలో తెలుగుకు ఇన్‌స్క్రిప్టు, ఆర్టీఎస్, యాపిల్ మొదలైన పలు అమరికలు చేర్చబడ్డాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను రూపొందించాడు. సిలికానాంధ్ర చొరవతో గిడుగు, మండలి, రామభద్ర వంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో విడుదలయ్యాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ లినక్సు ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమును తయారుచేసి, ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులలో ప్రచారం చేసింది. అయితే విద్యార్థి అవసరము, డీటీపీ ఆపరేటరు అవసరము ఒకటి కావు. విద్యార్థి మూలసంకేతం చూసి నేర్చుకోగోరుతాడు. ఆపరేటరు సాయంత్రానికి పని అప్పగించవలసి ఉంటుంది.

పాటించదగిన పద్ధతులు

* ఏమి కావాలని అడగడంతో సరిపెట్టక, వినియోగదారుడు పనిచేస్తుండగా గమనించాలి. అలవాటైన ఇబ్బందిని చాలామంది ఇబ్బందిగా చెప్పరు.
* సాఫ్టువేరును ప్రదర్శించేటప్పుడు నమూనా ఫైలు బదులు వినియోగదారుని పాత ఫైలునే తెరచి, అచ్చు తీసి చూపాలి.
* ఒకేసారి అంతా మార్చక, ఫాంటు, కీబోర్డు, ఆపైన ప్రోగ్రాము, చివరకు ఆపరేటింగ్ సిస్టము అనే క్రమంలో మార్చాలి.
* పని ఆగినప్పుడు పిలిస్తే వచ్చే స్థానిక సాంకేతికుడు ఉండాలి.
* తీరని అవసరాన్ని దాచక చెప్పి, దానిని ప్రోగ్రామర్లకు తెలియజేయాలి. మూలసంకేతం బహిరంగం కనుక ఆ లోటును ఎవరైనా పూరించే వీలున్నది. అమ్మకపు సాఫ్టువేరులో వినియోగదారునికి ఈ అవకాశము ఉండదు.

ఇవి కూడా చూడండి

* యూనికోడ్
* లినక్సు
* స్క్రైబస్
* ఆబిడ్స్