24 గంటల బీపీ మెషీన్ పెట్టారా? రాత్రి మాత్రం తీయకండి!

ఆస్పత్రిలో బీపీ 150.. ఇంటికెళ్లి చూస్తే 125! ఏది నిజం? ఇది తేల్చడానికే డాక్టర్లు ఒక్కోసారి 24 గంటల బీపీ మెషీన్ పెడతారు. చేతికి పట్టీ, నడుముకు చిన్న మెషీన్.. అంతే. దాంతోనే సూర్యాపేటలో బస్సెక్కి కోదాడలో దిగొచ్చు, ఇంటి పనులు చేసుకోవచ్చు. స్నానం మాత్రం కుదరదు.

పగలు 15-30 నిమిషాలకోసారి, రాత్రి 30-60 నిమిషాలకోసారి పట్టీ దానంతటదే బిగుస్తుంది. ఆ కాసేపు చేయి కదపకుండా వదులుగా ఉంచాలి. కదిపితే రీడింగ్ సరిగా రాదు, మెషీన్ మళ్లీ బిగిస్తుంది. చేయి కాస్త నొప్పెట్టడం, ఎర్రబడటం మామూలే. వేళ్లు తిమ్మిరెక్కి రంగు మారితే మాత్రం పట్టీ తీసేసి ఆస్పత్రికి ఫోన్ చేయాలి.

అసలు చిక్కంతా రాత్రే. నిద్ర పట్టట్లేదని కొందరు తీసి పక్కన పెట్టేస్తారు. కానీ ఈ టెస్టులో విలువైనవి ఆ రీడింగులే. నిద్రలో బీపీ మామూలుగా 10 నుంచి 20 శాతం తగ్గాలి. తగ్గకపోతే గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువ. పగలు చేసే చెకప్‌లో ఇది బయటపడదు.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో నైట్ డ్యూటీ చేసేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. లేదంటే బస్తాలు మోసిన గంటల బీపీ కాస్తా నిద్ర బీపీ లెక్కలో పడిపోతుంది.

పడుకున్న, లేచిన, మాత్ర వేసుకున్న టైమ్ కాగితంపై రాసుకోవాలి. 24 గంటల సగటు 130/80 లేదా ఆపైన వస్తే ఎక్కువ ఉన్నట్టే. రిపోర్టు బాగుందని మాత్రలు సొంతంగా ఆపేయొద్దు, డాక్టర్‌కు చూపించాలి.