ఆవిరి పట్టడం

మైలవరం బస్టాండు దగ్గర టిఫిన్ బండి. ఇంజినీరింగు చదివే కుర్రాడొకడు జేబులోంచి పెన్నులాంటి వేప్ తీసి పీల్చి, గుప్పున తెల్లగా వదిలాడు. మామిడిపండు వాసన. నూజివీడు ఇంత దగ్గర పెట్టుకుని ఆ వాసనకి గొట్టం దేనికో!

“ఏంట్రా ఆ పొగ?”

“పొగ కాదు మాస్టారూ, ఆవిరి.”

తెలివైన జవాబే. మన భాషలో పొగకు పరువు లేదు. పొమ్మనలేక పెట్టేది అదే. ఆవిరి అలా కాదు. ఆవిరి కుడుము పథ్యం, జలుబుకి ఆవిరి మందు. తమిళంలో ‘ఆవి’ అంటే ఆవిరీ, ఊపిరీ, ప్రాణమూ కూడా. ఇక ‘ఆవిరైపోయింది’ అన్నామా, ఆనవాలు లేకుండా పోయిందనే.

బండతను ఇడ్లీ పాత్ర మూత ఎత్తాడు. లోపలివైపు నుంచి చుక్కలు బొటబొటా కారాయి. నిజానికి ఆవిరి కంటికి ఆనదు. మనం చూసే తెలుపంతా సన్నటి తుంపరే. వేప్‌లోంచి వచ్చేదీ తుంపరే, నీటిది మాత్రం కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాటిలో నికోటిన్, వాసన సరుకులు. మైలవరం నాటక సమాజంతో పేరుపడ్డ ఊరు కాబట్టి చెప్పొచ్చు: స్టేజీ మీద పొగ కోసం మిషన్లో పోసేదీ ఈ జాతి ద్రవమే. మన దేశంలో వేప్‌ల అమ్మకాన్ని నిషేధించిన 2019 నాటి చట్టం కూడా ‘ఆవిరి’ జోలికి పోకుండా ‘ఏరోసాల్’ అంది.

నాకు అసలు చిక్కు ‘పట్టు’ దగ్గర వచ్చింది. దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టేది మనం. తుప్పు, పాచి, చెమ్మ మాత్రం వాటంతటవే పడతాయి. ఈ తుంపర రెండో రకం. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లయితే, ఈ చుక్కల్లో చాలా వాటికి ఒక్క మైక్రాను కూడా ఉండదు. లావువి గొంతులోనే ఆగుతాయి. సన్నవి దాటిపోయి, దారిలో తడి పీల్చుకుని ఉబ్బి, చిట్టచివరి గాలిగదుల గోడలదాకా వెళ్లి అంటుకుంటాయి. దమ్ము ఎంతసేపు బిగబడితే అంత ఎక్కువ దిగుతుంది. బయటికొచ్చిన మబ్బు లోపల దిగగా మిగిలిన భాగమే. పైగా ఇరవై ఏళ్లదాకా ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. తిత్తి అంటే తోలుసంచి, కమ్మరి కొలిమి దగ్గర ఊదేది. అది కొత్తగా ఉన్నప్పుడే ఈ తుంపరకి తడిసిపోతోందన్నమాట.

కుర్రాడు ఇంకో దమ్ము లాగి బిగబట్టాడు.

“పట్టింది” అన్నాను.

“ఏంటి మాస్టారూ?”

“చెమ్మ. ఆ మూతకి.”