ఇంజన్లొచ్చిన కొత్తలో

ఆ పెట్రోలు టిన్ను మంట కాణ్ణించి అవతలికి తియ్యరా ముందు. సలి కాసుకోడానికి కూకున్నాం గానీ, దీపావళి సేసుకోడానికి కాదు. ఆఁ, అలగ. ఇప్పుడు సెప్పు. ఉన్న ఇంజన్ సాల్దు, అప్పు సేసి పదిహేను హెచ్‌పీది కొంటానంటన్నావు. పక్కోడి పడవ నీకన్నా ముందు ఒడ్డుకొస్తంది, ఆడి వంజరం ముందు అమ్ముడైపోతంది. నిజవే. జోరుకి రేటు ఎప్పుడూ ఉన్నాది.

మా నాన్న రోజుల్లో అన్నీ తెప్పలే గదా. దుంగలు పక్కపక్కనేసి తాళ్లతో కట్టీవోరు. ఏటకెళ్లొచ్చినాక ఆ తాళ్లు ఇప్పీసి దుంగల్ని ఇసకలో ఆరబెట్టీవోరు. ఎందుకనుకున్నావు? నీళ్లు తాగిన దుంగ బరువెక్కుతాది, తెప్ప కిందకి దిగిపోతాది, ఎంత తెడ్డేసినా కదల్దు. ఆరబెట్టడానికి బద్దకించినోడు మర్నాడు అందరికన్నా ఎనకే. తెల్లారగట్ల గట్టు మీంచి వీసే గాలికి తెరసాపెత్తి లోపలికెళ్లిపోడం, పొద్దెక్కి పైరగాలి లేస్తే దాంతో తిరిగొచ్చీడం. ఆ గాలి ఆలీసమైందంటే సేప మెత్తబడిపోయీది. ఐసెక్కడిదిరా అప్పుడు! మాయమ్మ తట్ట నెత్తినెట్టుకుని భీమిలి బజారుకెళ్లీసరికి కొనీవోళ్లు ఎల్లిపోయుండీవోరు. మిగిలింది ఉప్పేసి ఎండబెట్టుకోడవే.

తరవాత ఇంజన్లొచ్చినాయి. 1979లో మద్రాసు కాడ ఆఫీసెట్టి బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం అని మొదలెట్టినారు, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థోళ్లు. అలల్లోంచి ఒడ్డెక్కించడానికి ఎలాటి పడవ కావాలో మన తీరంలోనే దింపి సూసినారు. వోళ్ల పడవలు గీసినోళ్లలో గుల్‌బ్రాండ్‌సన్ అని నార్వే ఆయనున్నాడు. సిన్న పడవల్లో ఆయిల్ ఎలగ ఆదా సెయ్యాలో 2012లో ఓ పుస్తకవే రాసినాడు. అందులోవి కొన్ని మా బావ అంతకు ముందెప్పుడో సెప్పీసినాడు. బావ సదూకోనేదు, సంతకవే కష్టం.

ఇంజన్ మొదట్లో మా ఊళ్లో ఒకాయన కొన్నాడు, పేరెందుకులే. ఊరంతా ఒడ్డుకొచ్చి సూసినాం. పెట్రోలుతో స్టార్టు సేసి, వేడెక్కినాక కిరసనాయిలుకి మార్చీవోరు. ఆ ఇంజన్ అరిసిన అరుపుకి కాకులు లేసిపోనాయి గానీ పడవ మాత్రం పెళ్లికూతురు నడిసినట్టు నడిసినాది. ఆయన సావుకారు కాడ అప్పు తెచ్చి కొన్నాడేమో, మొకం నల్లబడిపోనాది. పట్నంలో ఒక మెకానిక్కు పంకా అంచులు ఆకురాయితో అరగదీసిచ్చినాడు. అరుపు ఇంకా పెరిగినాది, జోరు ఇంకా తగ్గినాది.

మా బావ మాత్రం ఇంజన్ని ముట్టుకోనేదు. పడవని ఒడ్డు మీదకి లాగించి, ఎనక్కెళ్లి కూకుని సూసినాడు. పంకా పైన అడ్డంగా రెక్కలాటి రేకుంటాది సూడు, అది పడవ అడుగుతో సమానంగా ఉండాలి, మహా అయితే ఒక అంగుళం కిందకి. ఆయన పడవలో ఎనక పలక ఎత్తయిపోనాది, రేకు అడుక్కన్నా బాగా పైనున్నాది. పంకా పైనున్న గాలి మింగీసి ఉత్తినే తిరుగుతంది. బావ పలకని కోసి దింపించినాడు. మరీ కిందకి దింపినా పనికిరాదు, ఇంజన్ కాలు నీళ్లలో ఈడుసుకుని అదే బరువవుతాది.

తరవాత ఇంజన్ వాలు. బ్రాకెట్లో వరసగా సిల్లులుంటాయి, పిన్ను ఏ సిల్లులో ఎడితే ఆ వాలు. కాలు పడవకి మరీ దగ్గరైతే ముక్కు నీళ్లలోకి దిగిపోతాది. మరీ బయటికైతే ముక్కు ఆకాశాన్ని సూస్తాది, పడవ ఎగిరెగిరి పడతాది. ఒక్కో సిల్లూ మార్సి సూడాలంతే, ఇంకో దారి నేదు. అదీ ఒట్టి పడవతో కాదు, ఒలా మనుషులూ ఎక్కినాక. ఒకే మనిసి ముందుకి జరిగి కూకున్నా తేడా తెలుస్తాది.

సూసీటప్పుడు ఒక పక్కకే నడిపి జోరొచ్చీసింది అనుకోకు. నీటి పోటు తోస్తే నీ గొప్పేటుంది? బావ పావురాల కొండ ఒక గుర్తు, దక్షిణాన ఇంకో గుర్తు పెట్టుకుని, ఎల్లినంత దూరం తిరిగొచ్చీవోడు. రెండు పక్కలా పట్టిన టైము సూసీవోడు. ఇప్పుడు నీ పోన్లో జీపీయెస్ ఉన్నాది గదా, అయినా రెండు పక్కలా సూడు.

ఇంక పంకా. దాని మీద రెండు అంకెలుంటాయి. మొదటిది ఎడల్పు, రెండోది పిచ్చి, అంటే ఒక్క సుట్టు తిరిగితే ఎన్నంగుళాలు ముందుకెళ్లాలో అది. నువ్వు పాలిటెక్నిక్ సదివినావు గదా, లెక్క కట్టు. ఇంజన్ నిమిషానికి 5000 సుట్లు, గేరులో సగమైతే పంకా 2500. పిచ్చి 8 అంగుళాలైతే గంటకి 30 కిలోమీటర్లు రావాలి. వస్తందా? నీ పడవ 12 పోతే గొప్ప. మిగతాదంతా నీళ్లని ఎనక్కి సిమ్మడానికే సరి. అందికే బరువు పడవకి పిచ్చి తక్కువది, ఎడల్పు ఎక్కువది ఎయ్యాలి. ఫుల్ రేసులో ఎన్ని సుట్లు తిరగాలో కంపెనీవోడు పుస్తకంలో రాస్తాడు, మన సైజువాటికి సుమారు 4500 నుంచి 5500. ఆ లెక్క అందకపోతే పిచ్చి ఒక అంగుళం తగ్గించు, రెండొందలు అటూ ఇటూ సుట్లు పెరుగుతాయి. దాటిపోతంటే పెంచు. మన కుర్రోళ్లు ఎక్కువ నంబరుంటే ఎక్కువ జోరనుకుని కొనీసి, ఇంజన్ని రొప్పించి సంపీస్తన్నారు.

అయినా ఒక హద్దు ఉన్నాదిరా. నీళ్లలో మునిగున్న పొడుగు పాతికడుగులనుకో. పాతిక్కి వర్గమూలం ఐదు, దాన్ని 1.34తో గుణించు. 6.7 నాట్లు. బరువైన పడవ ఆ జోరు కాడికొచ్చీసరికి తను లేపిన అలనే కొండలా ఎక్కాల్సొస్తాది. అక్కడ పదిహేను హెచ్‌పీ ఎట్టినా ముక్కు లేసి ఎనక కూకుంటాది, ఆయిల్ మాత్రం తెగ తాగుతాది. అదే తేలికపాటి పడవైతే ఆ కొండెక్కి నీళ్ల మీద జారిపోతాది, అప్పుడు పెద్దింజన్ పనికొస్తాది. పక్కోడి పడవ నీదాని కన్నా ముందెల్తంది ఎందుకో సూసినావా? ఆడు రోజూ అడుగునున్న నీళ్లు తోడీస్తాడు. నీ పడవ అంచు కాడ పైబరు పగిలున్నాది, మొన్న నాను సెయ్యెట్టి సూసినాను. ఆ పగుల్లోంచి లోపలికి నీళ్లెల్తన్నాయి, బయటికి రావు. మీ ముత్తాత తెప్ప అయితే ఇప్పీసి ఆరబెట్టీవోడు. దీన్ని ఎలగ ఆరబెడతావు?

ఇంకోటి. ఆపీ ముందు పెట్రోలుకి మార్సి కాసేపు నడిపి ఆపుతన్నావా, కిరసనాయిలు మీదే ఆపీస్తన్నావా? ఆపీస్తన్నావని నాకు తెలుసు, పొద్దున్న నువ్వు తాడు లాగిన లాగుడు ఒడ్డంతా ఇన్నాం. కార్బొరేటర్లో కిరసనాయిలు మిగిలిపోతే మర్నాడు ఆ ఇంజన్ సరిగ్గా అందుకోదు. ఇంజన్ ఆయిల్ ఎక్కువ కలిపితే మంచిదని ఎవడో సెప్పినాడట నీకు. పొగొస్తాది, ప్లగ్గు మసిబారతాది, అంతే.

రేపు పడవని పైకి లాగి పగులు పూడిపించు. పలక ఎత్తు కొలు, పంకా మీద అంకెలు రాసుకునిరా. అదంతా అయినాక ఇంకా సాల్దంటే అప్పుడు బ్యాంకుకెళ్దాం, హామీ సంతకం నానే ఎడతాను.