ప్రేగు కోతలో నేర్చుకొన్న పొదుపు



చిన్నప్రేగు చివరిభాగమును పట్టి పీడించు ఒక మొండివ్యాధిని గూర్చియు, దానికి శస్త్రవైద్యులు చేయుచు వచ్చిన చికిత్సను గూర్చియు నేడు మీతో ముచ్చటింప దలచితిని. నేను వైద్యుడను కాను. మా మేనమామగారికి ఈ వ్యాధి వచ్చెను. ఆయన మంచముప్రక్కన కూర్చుండిన దినములలో దీని చరిత్రను చదువ నారంభించితిని.

ఆయనకు భోజనమైన గంటకు బొడ్డుకు కుడిప్రక్కగా నొప్పి పుట్టెడిది; కడుపు ఉబ్బెడిది. ఏటేట మనిషి చిక్కిపోయెను. ప్రేగులకు క్షయ సోకినదని తలచి ఒక వైద్యుడు తొమ్మిది నెలలు మందిచ్చెను గాని గుణము కనబడలేదు. ఆ వైద్యుని తప్పుపట్టుటకు నాకు మనసు రాదు. మన దేశమున ప్రేగుక్షయ తరచుగా కనబడును. ఆ రోగమును ఈ రోగమును కవలపిల్లల వలె నుండును. రెండింటను సాధారణముగా అదే చోట పుండ్లు పడును. ప్రేగుగోడ దళసరియై లోపలి దారి సన్నగిల్లును. క్షయ సాధారణముగా దాని మందులకు లొంగును. ఇది ఆ మందులకు లొంగదు.

దీనికి క్రోన్ వ్యాధి యని పేరు. ఆ పేరు వచ్చిన విధము వింతయైనది. 1932లో న్యూయార్కు నగరపు మౌంట్ సైనాయి ఆసుపత్రికి చెందిన క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అను మువ్వురు వైద్యులు 14 మంది రోగులను గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. పేర్లను ఆంగ్లాక్షరక్రమమున వేయుటచేత క్రోన్ ముందు నిలిచెను. రోగమునకు ఆయన పేరే స్థిరపడెను. కత్తి పట్టిన శస్త్రవైద్యుడు బెర్గ్ పేరు ఆ వ్యాసముపై లేదు. తాను వ్రాయని దానిపై తన పేరు వలదని ఆయనయే చెప్పెనందురు. అంతకు 19 ఏండ్లకు ముందే, 1913లో, గ్లాస్గో నగరపు శస్త్రవైద్యుడు డాల్జీల్ ఇట్టి ప్రేగులను వర్ణించియుండెను. చచ్చి బిగిసిన పాముచేపతో వానిని పోల్చెను. పశువుల ప్రేగులకు వచ్చు జోన్ వ్యాధికిని దీనికిని గల పోలికను సైతము గుర్తించెను. ఆయన పేరు మాత్రము రోగమునకు అంటలేదు.

చెడిన భాగమును కోసి తీసివేసి, మిగిలిన కొసలను కలిపి కుట్టినచో రోగము తీరునని తొలుత అందరును నమ్మిరి. రోగి కొన్నాళ్లు సుఖముగా ఉండెడివాడు. పిమ్మట కుట్టుకు ఎగువనే, మంచిదని విడిచిన ప్రేగులోనే, రోగము మరల తల యెత్తెడిది. మరల కోత, మరల కుట్టు! మన చిన్నప్రేగు పొడవు సుమారు 20 అడుగులు. అన్నసారము శరీరమునకు అందునది దాని గోడల ద్వారముననే. మూడు నాలుగు మారులు కోసినపిదప ఎంత తినినను ఒంటబట్టని స్థితి కొందరికి వచ్చెను. రోగమును తీయబోయి బ్రతుకుతెరువునే తీసినట్లయ్యెను.

అందుచేత కొందరు చెడిన భాగమును ముట్టక, దానికి ఎగువనున్న మంచి ప్రేగును పెద్దప్రేగుతో కలిపి, ప్రక్కదారి వేయసాగిరి. గండిపడిన కాలువను విడిచి వేరొక బోదె త్రవ్వినట్లని తలచుడు. 1956 జూన్ 9వ తేదీన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరుకు సైనికవైద్యుడు హీటన్ చేసినది ఇదియే. అధ్యక్షునికి అప్పటికి తొమ్మిది నెలలకు ముందే గుండెపోటు వచ్చియుండెను గనుక త్వరగా ముగియు పనియే మేలనిపించెను. ఆ నవంబరులోనే ఆయన రెండవ మారు ఎన్నికయ్యెను. అయితే ఇతరుల యెడల ఈ పద్ధతి అంతగా కలిసిరాలేదు. విడిచిన భాగములో రోగము రగులుచునే యుండెను. కొందరికి అందు పుట్టకురుపు కూడ పుట్టెను. వైద్యులు మరల కోతకే మరలిరి.

ఇక నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టము. చండీగఢ్‌లో కటారియా అను శస్త్రవైద్యుడును ఆయన సహచరులును క్షయవలన ఇరుకైన ప్రేగును కోసి పారవేయక వెడల్పు చేయు ఉపాయమును 1977లో ప్రకటించిరి. చొక్కాచేయి ఒకచోట బిగువైనదనుకొనుడు. ఆ బిగువుమీదుగా నిలువున చీల్చి, చీలిక రెండు కొసలను దగ్గరకు తెచ్చి, అడ్డముగా కుట్టవలెను. పొడవు కొంచెము తగ్గును, వెడల్పు హెచ్చును, గుడ్డ నష్టము కాదు. ఏ దర్జీయైనను ఒప్పుకొనును. ఆక్స్‌ఫర్డు నగరమున లీ అను శస్త్రవైద్యుడు దీనిని క్రోన్ వ్యాధికి అన్వయించి, 1982లో తన అనుభవమును వెల్లడించెను. రోగమున్న ప్రేగుమీద కుట్టు నిలువదనియే అంతవరకు వైద్యుల భయము. కుట్టు నిలిచెను. మన దేశపు క్షయరోగులపై పండిన తెలివి ఇట్లు సీమరోగుల ప్రేగులను కాపాడెను.

1996లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమునుండి ఫాజియో మొదలగువారు 131 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితమును ప్రకటించిరి. రోగమునకు ఆవల 2 సెంటీమీటర్ల మంచి ప్రేగును మాత్రమే తీసిన వారికిని, 12 సెంటీమీటర్లు తీసిన వారికిని, రోగము తిరుగబెట్టుటలో చెప్పదగిన భేదము లేకపోయెను. మంచి ప్రేగును అధికముగా కోయుట వ్యర్థమని తేలినది. కత్తి ఎంత నేర్పుగా నడిచినను రోగము మొదలంట పోదు. పొగత్రాగు వారికి తిరుగబెట్టుట మరింత హెచ్చు. చుట్ట విడువలేని పెద్దలు నన్ను క్షమింతురు గాక.

మా మేనమామగారికి 1998లో శస్త్రము జరిగెను. మూడు ఇరుకులు కనబడినవి. ఒకదానిని, బొత్తిగా చెడినదగుటచే, జానెడు ప్రేగుతో తీసివేసిరి. తక్కిన రెండింటిని చీల్చి అడ్డముగా కుట్టిరి. పదునేనవనాడు ఆయన గిన్నెడు పెరుగన్నము తిని, గంట చూచెను, రెండుగంటలు చూచెను, నొప్పి రాలేదు. "ఒరే, ఇంకొక గరిటె వేయుమనరా మీ అత్తను" అనెను.