‘సెయింట్ లూయిస్ బ్లూస్’ నడకలు

మేజర్ అయితే సంతోషం, మైనర్ అయితే దుఃఖం. పాశ్చాత్య సంగీతం గురించి తరచూ వినపడే మాట ఇది. 1914లో అచ్చయిన ‘సెయింట్ లూయిస్ బ్లూస్’ దగ్గర ఆ లెక్క చెల్లదు. ప్రియుడు వదిలిపోయిన ఆడమనిషి గోడు ఇందులో మేజర్‌లో సాగుతుంది. కాళ్లు కదిలించే టాంగో మాత్రం మైనర్‌లో వస్తుంది. ఈ పాట ఏడిపించినా ఆడించినా ఆ పని చేసేది నడకేనని నా నమ్మకం.

స్వరకర్త డబ్ల్యు.సి. హ్యాండీ 1873లో అలబామాలోని ఫ్లోరెన్స్‌లో పుట్టిన నల్లజాతి సంగీతకారుడు. 1900లో బృందంతో క్యూబా వెళ్లినప్పుడు హవానాలో హబనేరా లయ విన్నాడు. తర్వాత మెంఫిస్‌లోని ఒక పార్కులో అదే లయ ఉన్న పాట వాయిస్తే, అక్కడి నల్లజాతి జనం ఉత్సాహంగా ఆడటం గమనించాడు. 1914 నాటికి అమెరికాలో టాంగో మోజు జోరు మీద ఉంది. అందుకే ముందు టాంగో ఎత్తుకుని, ఆడేవాళ్లు ఆ అడుగులో కుదురుకున్నాక ఉన్నట్టుండి బ్లూస్‌లోకి దించాడు. కావాలనే అలా చేశానని తన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

అచ్చు ప్రతి జి శృతిలో ఉంది. టాంగో ఎత్తుగడ తర్వాత 12 బార్ల బ్లూస్ రెండుసార్లు, 16 బార్ల మైనర్ భాగం, చివర మళ్లీ 12 బార్లు. షడ్జం ఎక్కడా మారదు. మైనర్‌కు వెళ్లేటప్పుడు ముఖ్యంగా దిగేది గాంధారం: అంతర గాంధారం పోయి సాధారణ గాంధారం వస్తుంది. టాంగో లయను మాత్రల్లో చెప్పాలంటే మూడు, ఒకటి, రెండు, రెండు. అయితే పాట ప్రాణం మేజర్ భాగంలోనే ఉంది. అక్కడ గొంతు రెండు గాంధారాల నడుమ జారుతూ ఉంటుంది. పియానో మెట్ల మీద ఆ చోటు దొరకదు కాబట్టి హ్యాండీ దానికి దగ్గరగా ఉండే సాధారణ గాంధారాన్ని కాగితం మీద పెట్టాడు. గమకాలు విని పెరిగిన మన చెవికి ఆ జారుడు ఇట్టే పట్టుబడుతుంది.

1915లో ప్రిన్స్ ఆర్కెస్ట్రా దీన్ని తొలిసారి రికార్డు చేసింది. అది డాన్సు కోసం వాయించిన వాద్య సంగీతం.

పదేళ్లకు, 1925 జనవరి 14న, బెస్సీ స్మిత్ న్యూయార్క్‌లో కొలంబియా కంపెనీకి పాడింది. పక్కన ఇద్దరే: కార్నెట్‌తో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, హార్మోనియంతో ఫ్రెడ్ లాంగ్‌షా. డ్రమ్ములు లేవు. మైనర్ భాగంలో కూడా టాంగో ఊసు లేదు. 52 బార్లు పాడేసరికి మూడు నిమిషాలు దాటి రికార్డు ఒక వైపు నిండిపోయింది, అంటే ఒక్కో బార్‌కు దాదాపు మూడున్నర సెకన్లు. ఆ తీరికలో ప్రతి పాదం చివర కాస్త ఖాళీ మిగులుతుంది. బెస్సీ మాట ముగించగానే ఆర్మ్‌స్ట్రాంగ్ అందుకుని, ఆమె దిగిన స్వరం దగ్గరే మొదలుపెట్టినట్టు బదులు పలుకుతాడు. ఆమె మళ్లీ అందుకునే లోపు తప్పుకుంటాడు. కింద హార్మోనియం ఎడతెగకుండా మోగుతూ ఉంటుంది. మన పద్యనాటకాల్లో నటుడు రాగం తీస్తుంటే హార్మోనియం పట్టి ఉంచే తీరు తెలిసినవాళ్లకు ఈ ధ్వని కొత్తగా అనిపించదు. ఈ పాటకు ఇంతకంటే గొప్ప రికార్డు లేదనే అంటాను. హ్యాండీ పన్నిన టాంగోను పక్కనబెట్టి, ఆ పాటలోని దుఃఖాన్ని బెస్సీ బయటికి తీసింది.

1929లో ఇదే పేరుతో వచ్చిన లఘుచిత్రంలో ఆమె నటించి పాడింది. ఆమె కనిపించిన సినిమా అదొక్కటే. ఆ ఏడాది డిసెంబరులోనే ఆర్మ్‌స్ట్రాంగ్ పెద్ద బృందంతో తిరిగి రికార్డు చేశాడు. ఈసారి టాంగోతో మొదలై, ద్రుతంలోకి దూకి, చివర్లో ట్రంపెట్ పై స్థాయిలో చెలరేగుతుంది. బెస్సీ గోడుకు అంత నెమ్మదిగా బదులు పలికినవాడే అదే స్వరాలతో గంతులు వేయించాడు. రెండో ప్రపంచయుద్ధంలో గ్లెన్ మిల్లర్ సైనిక బృందం దీన్ని కవాతు పాటగా మార్చింది. విరహం జాడే లేదు, అయినా పాట ఇట్టే గుర్తుపట్టవచ్చు.

1954 నాటికి ఎల్పీ రికార్డులు వచ్చి మూడు నిమిషాల గీత చెరిగిపోయింది. ఆర్మ్‌స్ట్రాంగ్ హ్యాండీ పాటలతోనే ఒక ఆల్బమ్ చేస్తూ, వెల్మా మిడిల్టన్‌తో కలిసి దీన్ని దాదాపు తొమ్మిది నిమిషాలు సాగదీశాడు. కవ్వింపులకూ హాస్యానికీ చోటు చిక్కింది. చూపు పోయిన హ్యాండీ ఎనభై ఏళ్ల వయసులో ఆ ఆల్బమ్ విన్నాడు.