పాత మజిల్ కార్లలో ఛార్జింగ్ వ్యవస్థ మార్పు

అమెరికాలో 1960వ దశకంలో మధ్యతరహా కార్లకు పెద్ద వి-8 ఇంజన్లు అమర్చి తయారుచేసిన వేగవంతమైన వాహనాలకు మజిల్ కార్లని పేరు. 1964 నాటి పాంటియాక్ జీటీవోను ఈ తరగతికి ఆద్యమని పలువురు భావిస్తారు. అట్టి కార్లను నేటికీ నడుపుతున్నవారు వాటికి విద్యుత్ ఫ్యాను, ఇంధన ఇంజెక్షన్, ఎయిర్ కండిషనర్ మొదలైనవి చేర్చినప్పుడు పాత ఛార్జింగ్ వ్యవస్థ చాలదు.

పూర్వం కార్లలో డైనమో ఉండేది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అది తగినంత విద్యుత్తు ఇవ్వలేదు. ఈ లోపాన్ని చాలావరకు తీర్చిన ఆల్టర్నేటరును క్రైస్లర్ సంస్థ 1960 నమూనా వాలియంట్ కారులో అమర్చింది. 1964 ఏప్రిల్‌లో విడుదలైన ఫోర్డ్ మస్టాంగ్ తొలి కార్లు డైనమోతోనే వచ్చాయి. కొద్ది నెలలకే వాటికీ ఆల్టర్నేటరు వచ్చింది.

ఆనాటి ఆల్టర్నేటర్లలో చాలావాటి సామర్థ్యం 35 నుండి 60 ఆంపియర్లు. వాటి స్థానంలో నేడు 100 ఆంపియర్లవి సులభంగా బిగించవచ్చు. అయితే అపాయం పొంచి ఉన్నది ఇక్కడే. కాలువను వెడల్పు చేయక తూమును మాత్రమే పెద్దది చేస్తే గట్టు తెగుతుంది. విద్యుత్ తీగ విషయమూ అంతే.

తీగలో పుట్టే వేడి, ప్రవాహపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 5 చదరపు మిల్లీమీటర్ల మందం, 3 మీటర్ల పొడవు గల రాగి తీగలో 40 ఆంపియర్లు ప్రవహిస్తే సుమారు 16 వాట్ల వేడి పుడుతుంది. 100 ఆంపియర్లకు అది సుమారు 100 వాట్లవుతుంది. 21 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే అదే ప్రవాహానికి 25 వాట్లే.

ఆనాటి క్రైస్లర్ కార్లలో ఛార్జింగ్ విద్యుత్తు ఇంజను వెనుక గోడలోని కనెక్టరు గుండా లోపలి ఆమీటరు వరకు వెళ్లి తిరిగి వచ్చేది. తుప్పుపట్టిన లేదా వదులైన కనెక్టరు వద్ద వేడి పెరిగి, ప్లాస్టిక్ కరిగి, మంటలు లేచే ప్రమాదముంది. అందుచేత ఆమీటరును తొలగించి, వోల్టుమీటరు అమర్చడం మేలు.

పని ఆరంభించే ముందు బ్యాటరీ నెగటివ్ తీగను విడదీయాలి. ఆల్టర్నేటరు నుండి బ్యాటరీకి మందపాటి తీగను నేరుగా వేసి, బ్యాటరీకి సమీపాన తగిన ఫ్యూజు ఉంచాలి. ఇంజను, బాడీ, బ్యాటరీల మధ్య ఎర్తు తీగలనూ అదే మేరకు బలపరచాలి. బెల్టు జారకుండా చూడాలి.

పని ముగిశాక కొలత తప్పనిసరి. ఆగి ఉన్నప్పుడు పూర్తిగా ఛార్జయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు, ఇంజను నడిచేటప్పుడు 13.8 నుండి 14.5 వోల్టులు చూపాలి. లైట్లు, ఫ్యాను వేసి ఉంచి, ఆల్టర్నేటరు అవుట్‌పుట్‌కు, బ్యాటరీ పాజిటివ్‌కు మధ్య కొలవాలి. తేడా అర వోల్టు మించితే తీగ చాలదని, లేదా బిగింపులు సరిగా లేవని గ్రహించాలి. ఆ లోపం సరిదిద్దేవరకు వాహనాన్ని రోడ్డెక్కించరాదు.